ఇది భయం కాదు వదినా

రేవు క్వార్టర్సు,
ఆదివారం మధ్యాహ్నం

వదినా,

నేను భయపడుతున్నానట. ఈ మాట ఎవరో ఒకరు అన్నయ్య చెవిన వెయ్యకముందే నీకు నేనే చెప్పాలని కూర్చున్నాను. క్వార్టర్సులో ఫోన్ మాట్లాడితే గోడ అవతలివాళ్ళు కూడా ఊకొడతారు. అక్కడ నీ ఫోన్ మోగితే ముందు ఎత్తేది అన్నయ్య. అందుకే ఉత్తరం, అదీ నీ కుట్టు దుకాణం అడ్రసుకి. చదివి నీ దగ్గరే ఉంచుకో.

నేను క్రేను నడపడం మొదలుపెట్టి ఏడేళ్ళయింది. ఓడలోంచి లారీ అంతేసి ఇనప పెట్టెల్ని ఎత్తి ఒడ్డున దించడం నా పని. చేరిన కొత్తలో, ఆడపిల్ల అంత ఎత్తున కూర్చుంటే కళ్ళు తిరిగి పడిపోతుందని పందేలు కట్టినవాళ్ళున్నారు. వాళ్ళే ఇప్పుడు లారీలు వేసుకుని నా క్రేను కిందికే వస్తారు, పెట్టె కుదుపు లేకుండా దిగుతుందని. అలాంటి నన్ను పట్టుకుని మా సూపర్‌వైజరు నిన్న అందరి ముందూ అన్నాడు: "ఏమ్మా, పైకెళ్ళాలంటే గుండె దడదడలాడుతోందంటగా? చెప్తే కిందే కుర్చీ వేయిస్తాంగా."

గుండె దడ నిజమే, దాచను. కాని అది పైకి వెళ్తే వచ్చే దడ కాదు. మంచం మీద పడుకున్నా పరుగు పందెంలో ఉన్నట్టు కొట్టుకుంటుంది. చేతులు సన్నగా వణుకుతాయి. కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నా మొహం చూడకుండా అడిగాడు: "పెళ్ళయిందా?" కాలేదన్నాను. "ఎత్తంటే భయమా?" లేదన్నాను. "ఉంటుందిలేమ్మా, మనకి తెలియకుండా లోపలుంటుంది" అని నిద్రమాత్రలు రాశాడు. ఆ చీటీ ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

నిద్ర పట్టని మాట కూడా నిజమే. గదిలో నాతో ఉండే క్యాంటీన్ వంటామె దుప్పటి ముసుగుతన్ని పడుకుంటే, నేను కిటికీ బార్లా తెరిచి చెమటలు కక్కుతున్నాను. దాని మీద మాకు రోజూ యుద్ధం. మొన్న దువ్వెన విసిరి కొట్టాను ఆమెను. తరవాత స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. కోపం ఎందుకొచ్చిందో తెలియలేదు, ఏడుపు ఎందుకొచ్చిందో అసలే తెలియలేదు.

పార్సిల్లో నా డ్యూటీ చొక్కాలు, ప్యాంట్లు పంపుతున్నాను. నడుం దగ్గర బాగా పట్టెయ్యి, ప్యాంటు జారిపోతోంది. తిండి తగ్గిందనుకోకు. నా కంచం చూసి వంటామె "ఇదంతా ఎక్కడికి పోతోందే నీకు" అంటోంది. కాలరు మటుకు కాస్త వదులు చెయ్యి. పై గుండీ పెడితే మెడ బిగుస్తోంది.

భయపడే మనిషి ఇంత తింటుందా, నువ్వే చెప్పు.

నీ ఆడపడుచు


దుకాణం నుంచి,
గురువారం

పిల్లా,

నీ చొక్కాలు బల్ల మీద పరిచి టేపు పెట్టాను. పెట్టి, మళ్ళీ పెట్టాను. ఇన్నేళ్ళుగా జనాన్ని కొలుస్తున్నాను. చిక్కినవాళ్ళని చూశాను, ఒళ్ళు చేసినవాళ్ళని చూశాను. నడుం తగ్గుతూ మెడ పెరిగే మనిషిని ఇంతవరకు చూడలేదు. అద్దం ముందు నిలబడి, తల కాస్త వెనక్కి వాల్చి, ఒక గుక్క నీళ్ళు మింగుతూ చూసుకో. గొంతు కింద ఏదైనా నీళ్ళతోపాటు పైకి లేచి దిగితే అది థైరాయిడ్ గ్రంథి వాపు. నీకు భయమూ లేదు, పాడూ లేదు. నాకున్నదే నీకూ ఉంది.

నా సంగతి నీకు సగమే తెలుసు. ఆ రోజుల్లో మిషను మీద తల పెట్టి నిద్రపోయేదాన్ని. జుట్టు దువ్వెనతో వచ్చేసేది. ఎండలో స్వెట్టరు వేసుకుని కూర్చునేదాన్ని. మీ అన్నయ్య "ఒళ్ళు కదిలిస్తే అన్నీ పోతాయి" అనేవారు. నువ్వూ తక్కువ తినలేదు. సెలవుల్లో వచ్చి, "వదినకి ఇంకా తెల్లారలేదా" అని నవ్వేదానివి. నేనూ నవ్వేదాన్ని, పైకి. వీధి చివరి డాక్టరు ముందు రక్తం తక్కువని టానిక్కు ఇచ్చాడు, తరవాత బెంగ అని ఏదో మాత్ర, ఆ తరవాత "వయసమ్మా" అని ఉత్త చేతులతో పంపాడు. రెండేళ్ళు అలా తిప్పాడు. చివరికి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన నర్సు ఒకామె నన్ను చూసి, చెయ్యి పట్టుకుని హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఒక రక్తపరీక్ష, రోజుకో చిన్న మాత్ర. రెండు నెలలు తిరిగేసరికి నేను మళ్ళీ మనిషినయ్యాను.

ఆ రెండేళ్ళు నీకు రానివ్వను. ఏ డాక్టరు గుమ్మం ముందూ నువ్వు బల్ల మీద కూర్చోనక్కర్లేదు. నా మాత్రల పట్టీలు నీ చొక్కా జేబుల్లో పెట్టి పైన కుట్టేశాను. దారం తెంపి తీసుకో. పొద్దున్నే పరగడుపున ఒకటి, నీళ్ళతో. నాకు పనిచేసింది నీకెందుకు పనిచెయ్యదు? మనల్ని పిచ్చివాళ్ళ కింద జమకట్టేవాళ్ళ దయ మనకేం అక్కర్లేదు.

కాలరు వదులు చేశాను. మీ అన్నయ్యకి చెప్పలేదు.

వదిన


రేవు క్వార్టర్సు,
తెల్లవారుజామున

వదినా,

నువ్వు డాక్టరువి కావలసినదానివి. నీళ్ళు మింగి చూశాను. మెత్తటి ముద్ద ఒకటి లేచి దిగింది. ఇంకెవరైనా అయితే బెదిరిపోయేవాళ్ళు, నేను మాత్రం గెంతులేశాను. ఆ ముద్ద తీసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాలనిపించింది, ఇదిగో నా భయం అని.

మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలు దాటింది. మందు పనిచేస్తోంది, ఒళ్ళంతా తెలుస్తోంది. నిద్రతో పనే లేదు. ఇవాళ అందరికంటే ముందు లేచి గది కడిగాను, మెట్లు కడిగాను, వంటామె గిన్నెలు కూడా తోమి పెట్టాను. ఆమె లేచి నా నుదురు ముట్టుకుని చూసింది. చెమట ధారగా కారుతోంది, లోపలున్న చెడు అంతా పోతోందనుకుంటున్నాను. గుండె ఇదివరకటికంటే గట్టిగా కొట్టుకుంటోంది, బలం వస్తున్నట్టే కదా. క్యాంటీన్‌లో ఎవడో నా వంక చూసి నవ్వాడు, వాడి ప్లేటు తోసేశాను. బాగా చేశాను. రాస్తుంటే పెన్ను నాకంటే ముందు పోతోంది, అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకో.

ఒక్కటే ఇబ్బంది. క్రేను సగందాకా లిఫ్టులో వెళ్తాం, ఆపైన నిచ్చెన. నిచ్చెన దగ్గర నా తొడలు నావి కానట్టు ఉంటున్నాయి. మొన్న మధ్యలో ఆగి కమ్మీలను కౌగిలించుకుని నిలబడ్డాను. కిందనుంచి ఎవడో "దిగుతావా, మనిషిని పంపమంటావా" అని అరిచాడు. "నీ పని చూసుకో" అని నేనూ అరిచాను. ఎక్కాను కూడా.

వంటామె "ఎందుకే ఎప్పుడూ గుడ్లురిమి చూస్తావు" అంటోంది. నేనేం ఉరమడం లేదు, రెప్పలే పైకి పోయి కూర్చున్నాయి. తగ్గేముందు కాస్త పెరుగుతుందేమో. నీకూ ఇలాగే అయిందా?

పట్టీలు అయిపోవచ్చాయి. పంపు.

నీ ఆడపడుచు


దుకాణం నుంచి,
నీ ఉత్తరం అందిన పూటే

మాత్రలు ఆపెయ్యి. ముందు ఆ పని చేసి, మిగతాది చదువు.

నాకు అలా కాలేదు. ఏదీ అలా కాలేదు. మాత్ర వేసుకున్నాక నాకు ఒంట్లో కాస్త వెచ్చదనం వచ్చింది, మగత పోయింది, అంతే. గుండె పరిగెత్తలేదు. నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో కత్తెర ఆగిపోయింది. షట్టరు దించి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా వంతు రాకుండానే లోపలికి దూరి నిలబడ్డాను. ఉత్తరం చదవమంది, చదివాను. మాత్రల మాట వచ్చేసరికి ఆవిడ కలం కింద పెట్టింది.

"మీ మాత్రలు ఆమెకిచ్చారా?"

"ఇద్దరిదీ థైరాయిడే కదండీ."

"మీ గ్రంథి పని మానేసింది. ఆమెది ఆగకుండా పనిచేస్తోందని ఈ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మీ ఒంట్లో లేనిదాన్ని మాత్రగా ఇచ్చాను నేను. ఆమె ఒంట్లో అది ఇప్పటికే పొంగిపొర్లుతుంటే మీరు ఇంకొంచెం పోశారు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆవిడ చెప్పిన మాటలు రాస్తున్నాను, విను. మెడలో వాపు, తింటున్నా చిక్కిపోవడం, ఊరికే గుండె పరుగు, చేతి వణుకు, నెలసరి తప్పడం, ఇలాంటివి రెండు మూడు కలిసి వస్తే దడకో మాత్ర, నిద్రకో మాత్ర అని సరిపెట్టుకోకూడదట. రక్తపరీక్ష చేయించుకుని హార్మోన్ల డాక్టరుకే చూపించుకోవాలట. గుండె లయ తప్పినా, ఊపిరి ఆడకపోయినా వంతు కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పోవాలట. నెలసరి సంగతి ఆవిడ అడిగితే తెలియదని చెప్పాను. నువ్వు నాకు రాయలేదు. ఎన్నాళ్ళయింది?

మీ పెద్దాసుపత్రిలో ఒకాయన ఉన్నాడట. ఆయన పేర ఆవిడ రాసిచ్చిన చీటీ ఇందులో ఉంది. నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, మోగుతోంది, ఎత్తడం లేదు. డ్యూటీలో మీ ఫోన్లు లాకర్లో పెట్టిస్తారని తెలుసు. అయినా చేస్తూనే ఉంటాను. చీటీ నీ చేతికి రావాలని ఇది అర్జెంటు పోస్టులో వేస్తున్నాను.

ఈ పని చేసింది నేను. నువ్వు క్రేను ఎక్కకు.

వదిన


పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
కిటికీ పక్క మంచం

వదినా,

నీ ఉత్తరం వంటామె తెచ్చి ఇచ్చింది. నీ ఫోన్ లాకర్లో మోగుతున్నప్పుడు నేను పైన ఉన్నాను. ఆసుపత్రి నుంచి మాట్లాడినప్పుడు అన్నయ్య నీ పక్కనే ఉన్నాడని సగమే చెప్పాను. మిగతా సగం ఇది.

పెట్టె గాల్లో ఉంది. కింద లారీ, అందులో డ్రైవరు కూర్చుని రొట్టె తింటున్నాడు. నా గుండె ఒక్క క్షణం ఆగినట్టయి, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిడి మీద చెయ్యి ఎగిరిపడింది. పెట్టె ఊగింది. నా చేతి కింద పెట్టె అలా ఊగడం ఎప్పుడూ లేదు. ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపు తగ్గేదాకా ఆగి, లారీని వదిలేసి ఖాళీ నేల మీద దించాను. పట్టు విడిపించి, మోటారు ఆపి, రేడియోలో చెప్పాను, "నా చెయ్యి సరిగా లేదు, దిగుతున్నాను, ఇంకొకళ్ళని పంపండి" అని.

సూపర్‌వైజరు అన్నాడు: "ఓడ ఆగుందమ్మా. మిగతా నాలుగూ దించేసి దిగు."

"ఒక్కటి కూడా దించను."

"ఇది నీ ఉద్యోగం మీదికొస్తుంది, ఆలోచించుకో."

"రానివ్వండి. కింద మనిషున్నాడు."

నిచ్చెన దిగడం మటుకు నా వల్ల కాలేదు. మెకానిక్కు ఒకాయన నా కింద మెట్టు మీద నిలబడి, ఒక్కో అడుగుకీ నా మడమ కింద తన భుజం పెట్టి దింపుకొచ్చాడు. ఇక్కడికి తెచ్చాక గుండె లయ తప్పిందన్నారు, వైర్లు అంటించారు. మర్నాటికి దారికొచ్చింది.

తరవాత హార్మోన్ల డాక్టరు వచ్చాడు. పెద్దాయన, మాట తక్కువ. చేతులు చాపమని వేళ్ళ మీద కాగితం పరిచాడు, కాగితం గలగలలాడింది. చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవమన్నాడు. లేవలేకపోయాను వదినా. ఎవరి ముందూ తల వంచని నాకు ఆ కుర్చీ ముందు సిగ్గేసింది. మెడ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు.

"భయం జబ్బని ఎవరన్నారు?"

"కంపెనీ డాక్టరండి."

"మెడ చూశాడా?"

"మొహమే చూడలేదండి."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఏడాది నుంచే మొదలై ఉంటుందన్నాడు. మన ఒళ్ళే ఆ గ్రంథిని ఉసిగొల్పి పరిగెత్తిస్తుందట. నెలసరి ఆగి ఐదు నెలలు. నీకు రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఏదో పేరు పెడతారని.

నా సంచిలో పట్టీలు నర్సు చూసింది. ఎవరు రాశారని అడిగారు. పక్కింటావిడ వేసుకుంటుంటే చూసి నేనే కొనుక్కున్నానని చెప్పాను. నువ్వూ ఆ మాట మీదే ఉండు. నీ డాక్టరమ్మ చీటీ చింపేశాను. అన్నయ్యకి తెలిస్తే జీవితాంతం ఎత్తిపొడుస్తాడు నిన్ను.

కంపెనీ కాగితం కూడా మంచం దగ్గరికే వచ్చింది. సొంత వైద్యం చేసుకుని ప్రమాదం తెచ్చాను కాబట్టి క్రేను మీంచి తీసేసి, తూకం గదిలోకి శాశ్వతంగా మారుస్తున్నారట. ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టమన్నారు. చెయ్యి వణుకుతోంది, పెట్టలేనన్నాను. వణుకు లేకపోయినా పెట్టేదాన్ని కాదు.

నీ ఆడపడుచు


దుకాణం నుంచి,
సోమవారం

పిల్లా,

చీటీ చింపేశావు కదా. ఇంకొకటి రాయించాను. ఈసారి నీకు పంపలేదు, తిన్నగా మీ డాక్టరుగారికే పంపాను. దానితో నా ఉత్తరం కూడా పెట్టాను. ఆ మాత్రలు ఇచ్చింది నేనని, పట్టీ మీదున్న పేరు, మోతాదు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా వేసుకున్నావో, అంతా రాశాను. మీ కంపెనీకి ఇంకో ఉత్తరం వేశాను.

మీ అన్నయ్యకి కూడా చెప్పాను. డిపోలో డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పుతున్నారు. విని, చొక్కా హ్యాంగరుకి తగిలించి నా వైపు తిరిగారు.

"నువ్వా?"

"నేనే."

"ఒక డాక్టర్నయినా అడగకుండానా?"

"నేను మిషను మీద పడి నిద్రపోయిన రెండేళ్ళూ మీరు ఏ డాక్టర్ని అడిగారు?"

అనవలసిన సమయం కాదది. అయినా అన్నాను. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉంది, వచ్చేసింది. ఆయన లోపలికి వెళ్ళి సంచి సర్దుకున్నారు. "పొద్దున్నే దాని దగ్గరికి వెళ్తున్నా" అన్నారు, వీపు నా వైపు పెట్టి.

ఇప్పుడు నీ సంగతి. నన్ను కాపాడానని అనుకుంటున్నావా? ఎవరి దగ్గర నుంచి? నువ్వు అబద్ధం చెబితే డాక్టరు ఆ అబద్ధానికే మందిస్తాడు. నీ ఒంట్లో ఎంత గ్రంథి చేసింది, ఎంత నా మాత్ర చేసింది, అది తెలియకుండా ఆయనేం చూస్తాడు? నేను చేసిన తప్పు నీ ఫైల్లో, నీ పేరు కింద ఎందుకుండాలి? ఆ కాగితం పట్టుకుని వాళ్ళు నిన్ను క్రేను దింపుతుంటే నేను ఇక్కడ కాజాలు కుడుతూ కూర్చోవాలా?

ఐదు నెలలు దాచావు. నేను మాత్రలు దాచి పంపాను. మన దాపరికాలు ఇక చాలు.

వదిన


రేవు, తూకం గది

వదినగారికి,

మీ ఉత్తరాలు చేరవలసిన చోట్లకి చేరాయి. కంపెనీకి రాసింది చేతులు మారి క్యాంటీన్ దాకా వచ్చింది. డిశ్చార్జి అయి వచ్చిన మొదటి రోజే సూపర్‌వైజరు నలుగురిలో అడిగాడు: "ఏమ్మా, మీ వదినగారు జేబులో ఇంకేమైనా కుట్టి పంపారా?" అందరూ నవ్వారు. భయస్తురాలినన్నప్పుడు ఎదురు తిరిగే మాట నా దగ్గర ఉండేది. దీనికి లేదు.

మీరు నన్ను అడగకుండా మాత్ర ఇచ్చారు. నన్ను అడగకుండానే నిజమూ చెప్పారు. రెండుసార్లూ నా మంచికే.

డాక్టరుగారు మీ ఉత్తరం రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు. "ఇది ముందే తెలిస్తే బాగుండేది" అని నా వైపు చూశారు. మందు మోతాదు మార్చారు, గ్రంథి తీసెయ్యాలా అన్న మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. ఆ మాత్రల ప్రభావం పూర్తిగా పోయాక మళ్ళీ పరీక్ష చేసి చూస్తారట. గ్రంథి పరుగు తగ్గించడానికి ఒక మాత్ర, గుండెకి ఒకటి. జ్వరం గాని, గొంతునొప్పి గాని వస్తే మొదటి మాత్ర ఆపి, అదే రోజు వచ్చి రక్తం చూపించుకోవాలన్నారు. ఏడాదిన్నర పైనే వాడాలి. ఆ తరవాత కూడా తిరిగి రాదని చెప్పలేమన్నారు.

అన్నయ్య వచ్చాడు. నాలుగు రోజులున్నాడు. పళ్ళు ఒలిచి చేతిలో పెడుతూ కూర్చున్నాడు. వెళ్ళేముందు మాత్రం, "మీ వదినకి ఒంట్లో బాగుండనప్పుడు నేను ఏమన్నానో దానికి ఇంకా గుర్తుంది" అన్నాడు. మీకు చెప్పమనలేదు. చెబుతున్నాను.

సంతకం పెట్టకపోయినా నన్ను తెచ్చి ఇక్కడే కూర్చోబెట్టారు. నా పని, లారీ వచ్చి తూకం బల్ల మీద ఎక్కితే మీట నొక్కడం.

మీ ఆడపడుచు


దుకాణం నుంచి

ఆడపడుచుగారికి,

గారు తగిలించావు కాబట్టి నేనూ తగిలించాను. ఇక చాలు, నాకు ఊపిరాడటం లేదు ఆ మర్యాదలో.

అడగకుండా మాత్ర ఇచ్చానన్నావు. దానికి తల వంచుతాను. నీ ముందు, మీ అన్నయ్య ముందు, మీ క్యాంటీన్ మొత్తం ముందు వంచుతాను. నీకు ఏదైనా అయ్యుంటే ఈ మిషను ముందు మళ్ళీ కూర్చోగలిగేదాన్ని కాదు. అడగకుండా నిజం చెప్పానన్నావు. దానికి మాత్రం వంచను. మళ్ళీ అలాంటిది వస్తే మళ్ళీ చెబుతాను. నువ్వు ఇంకో ఆరు నెలలు నాతో మాట్లాడకపోయినా సరే.

నవ్వేవాళ్ళని నవ్వనీ. వాళ్ళు నవ్వుతున్నది నా మీద, నీ మీద కాదు. నాకేం అరిగిపోదు. ఇక్కడ దుకాణానికి వచ్చేవాళ్ళకి నేనే చెబుతున్నాను ఈ కథ. మొన్న ఒకావిడ విని, తన కూతురికి తన థైరాయిడ్ మాత్రలే వేస్తున్నానని చెప్పింది. కొలతలు తియ్యకుండానే పంపించేశాను, ముందు పిల్లని డాక్టరుకి చూపించి రమ్మని. గిరాకీ పోయిందని మీ అన్నయ్య గొణిగారు. గొణుగుతూనే నాకు టీ పెట్టి తెచ్చారు. ఇన్నేళ్ళలో అది మొదటిసారి. చక్కెర వెయ్యడం మరిచిపోయారు, నేను అడగలేదు.

ఆ తూకం గది కాగితం మీద సంతకం పెట్టకు. మీ డాక్టరుగారిని అడుగు, క్రేను ఎప్పుడు ఎక్కవచ్చో, ఏ పరీక్ష ఎలా ఉంటే ఎక్కవచ్చో రాసిమ్మని. మాటలతో కాదు, రాతలో.

నీ వదిన


రేవు క్వార్టర్సు,
ఎండ తగ్గిన వేళ

వదినా,

ఇవాళ ఎక్కాను.

ముందే రాయకపోవడానికి కారణం, చివరి నిమిషంలో ఏదో ఒకటి అంటారని. అనలేదు. నిచ్చెన ఒక్క బిగిన ఎక్కాను, ఆయాసం రాలేదని చెప్పను గాని, తొడలు నావే. క్యాబిన్ అద్దం మీద ఎవడిదో వేలిముద్రల మరక, తుడిచాను. కుర్చీ నాకు తగ్గట్టు ముందుకి జరుపుకున్నాను. మొదటి పెట్టె దించితే కింద లారీవాడు తల కూడా ఎత్తకుండా పోనిచ్చాడు. అంతకంటే ఏం కావాలి.

ఈ ఏడెనిమిది నెలల్లో ఒళ్ళు కాస్త పట్టింది. కిటికీ విషయంలో వంటామెతో సంధి కుదిరింది. నెలసరి వచ్చింది, దాచకుండా రాస్తున్నాను. కళ్ళు మాత్రం ఇంకా కొంచెం ఉరిమినట్టే ఉన్నాయి. నెమ్మదిగా తగ్గుతాయి, తగ్గకపోతే కళ్ళ డాక్టరుకి కూడా చూపిద్దామన్నారు. జబ్బు పోలేదు వదినా, అదుపులో ఉంది. ఆ రెండింటికీ తేడా ఉందని డాక్టరుగారు ప్రతిసారీ చెబుతారు, నేను ప్రతిసారీ తలూపుతాను. ఆయన రాసిచ్చిన దాంట్లో ఏ నెల ఏ పరీక్ష, ఎలా ఉంటే ఎక్కాలి, ఎలా ఉంటే ఎక్కకూడదు, అన్నీ ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే అడిగాను. ఇన్నాళ్ళూ నీకు సరిగా రాయనందుకు నన్ను ఎన్నయినా తిట్టు, ఆ "గారు" మటుకు మళ్ళీ పెట్టకు. నేనూ పెట్టను.

కమిటీ గది సంగతి నీకు చెప్పలేదు కదా. పోయిన వారం పిలిచారు. పొడుగు బల్ల. అటు ముగ్గురు ఆఫీసర్లు, వాళ్ళ పక్కన సూపర్‌వైజరు, చివర కంపెనీ డాక్టరు. ఇటు నేనొక్కదాన్ని. డాక్టరుగారి కాగితం అందరి చేతులూ తిరిగింది. కంపెనీ డాక్టరు అది చదివి కళ్ళజోడు తుడుచుకున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు. "అప్పట్లో లక్షణాలు స్పష్టంగా లేవు" అన్నాడు. "మీరు తలెత్తి ఉంటే నా మెడ కనపడేది సార్" అన్నాను. గొంతు పెంచలేదు. పెంచనక్కర్లేకపోయింది.

మాత్రల మాట ఎత్తారు. నువ్వు రాసిన ఉత్తరమే వాళ్ళ ముందుంది. "తెలియక వేసుకున్నాను. చెప్పవలసిన మనిషి నిద్రమాత్రలు రాసి పంపేశాడు కాబట్టి, ఇంట్లోవాళ్ళు చెప్పింది విన్నాను. ఇంక వినను. మా వదినే విననివ్వదు" అన్నాను. వాళ్ళలో ఒకావిడ తల దించుకుని నవ్వు ఆపుకుంది.

అప్పుడు సూపర్‌వైజరు ముందుకి వంగాడు. అతని గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. కాని ఏ ఆరు నెలలకో మళ్ళీ వస్తే? పెట్టె గాల్లో ఉండగా మళ్ళీ చెయ్యి వణికితే ఏం చేస్తావు?"

గదిలో అందరూ నా చేతుల వైపే చూస్తున్నారు. రెండు చేతులూ బల్ల మీద పెట్టాను, వేళ్ళు విడదీసి.

"దిగుతాను" అన్నాను. "అప్పుడు కూడా నేనే దిగాను. మీరు ఇంకో నాలుగు దించమన్నారు."

నీ ఆడపడుచు